భద్రమైన అభ్యంగనం: పేరు ఇచ్చిన రోజు నుంచి నొసట తైలం పడే రోజు దాకా

కతోలిక గుడిలో ఆదివారం పూజ అయిపోవస్తుంటే మా విచారణ (ఒక ఫాదర్ గారి కింద ఉండే గుళ్ళ పరిధి, పారిష్) ఫాదర్ గారు ప్రకటనలు చదువుతారు. "ఈసారి బిషప్ గారు మన విచారణకు వస్తున్నారు. భద్రమైన అభ్యంగనం తీసుకోవాల్సిన పిల్లలు ఉపదేశిగారికి పేర్లు ఇవ్వండి" అంటూ ఆయన ఇంకా మైకు దగ్గర ఉండగానే ఆడవాళ్ళ వైపు గుసగుసలు మొదలవుతాయి. మా పెద్దోడికి అయిందా, చిన్నదానికి అయిందా, వీడి జ్ఞానస్నానం (బాప్తిస్మం) కాయితం ఎక్కడ పెట్టాం? ఇంటికి వెళ్ళాక బీరువా పై అరలోని పాత కవర్లన్నీ మంచం మీదికి దిగుతాయి.

మా విచారణలో భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్) తీసుకునే పిల్లలకు జ్ఞానోపదేశం చెప్పడం మొదలుపెట్టి పదేళ్ళు దాటింది. నేను చూసినంతలో పిల్లలు చదువు దగ్గర తడబడేది తక్కువ. పెద్దవాళ్ళు కాయితాల దగ్గర, పిల్లవాడి వెనక తోడుగా నిలబడే జ్ఞానతండ్రి జ్ఞానతల్లి (గాడ్‌ఫాదర్, గాడ్‌మదర్) ఎంపిక దగ్గర తడబడేదే ఎక్కువ. ఆఖరి పది రోజులూ ఆ హడావిడిలో పోతాయి. తీరా ఆ రోజు పిల్లవాడు ఏ ఆలోచనా లేకుండా వరసలో నిలబడతాడు. ఏ పని ముందు తేల్చుకుంటే ఆ పది రోజులు పిల్లవాడికి మిగులుతాయో ఆ వరసలోనే ఇక్కడ రాస్తున్నాను.

ముందు, ఇది ఏమిటో ఇంట్లో మాట్లాడుకోండి

ఇప్పటి పిల్లలు భద్రమైన అభ్యంగనం అనరు, కన్ఫర్మేషన్ అంటారు. ఒకసారి క్లాసులో కన్ఫర్మేషన్ అంటే ఏమిట్రా అని అడిగితే ఏడో తరగతి పిల్లవాడొకడు, "జ్ఞానస్నానం వెయిటింగ్ లిస్టు సార్, ఇప్పుడు బెర్తు కన్ఫర్మ్ అవుద్ది" అన్నాడు. అందరం నవ్వాం గానీ, చాలామంది పెద్దవాళ్ళ మనసులో ఉన్నదీ దాదాపు అదే. జ్ఞానస్నానం ఎప్పుడూ వెయిటింగ్ లిస్టు కాదు. ఆ రోజే ఆ బిడ్డ దేవుని బిడ్డ అయింది, తిరుసభలో (కతోలిక క్రైస్తవ సంఘంలో) చేరింది. అప్పుడు మొదలైనదాన్ని పవిత్రాత్మ వరంతో గట్టిపరచి ముద్ర వేయడమే ఈ సంస్కారం. 'భద్రమైన' అనే పాత మాటలో ఆ అర్థం చక్కగా ఉంది. వీలైతే పిల్లల చేత ఆ మాటే పలికించండి.

అపోస్తలుల కార్యాలు 8వ అధ్యాయంలో సమరియా సంగతి ఉంది. ఫిలిప్పు బోధ విని అక్కడివాళ్ళు జ్ఞానస్నానం పొందారు. ఆ కబురు యెరూషలేముకు చేరాక పేతురు, యోహాను బయల్దేరి వచ్చి వాళ్ళ మీద చేతులుంచి ప్రార్థించారు, వాళ్ళు పవిత్రాత్మను పొందారు. బిషప్ గారు మేత్రాసన (ఆయన కింద ఉండే విచారణలన్నీ కలిసిన ప్రాంతం) కేంద్రం నుంచి మన పల్లెకు వచ్చి చేతులు చాపి ప్రార్థించడం వెనక ఉన్నది ఈ ప్రయాణమే. బోర్డు పరీక్షలకు స్క్వాడ్ వచ్చినట్టు పిల్లలు ఆయన్ని చూసి బెదిరిపోకుండా ఈ కథ ముందే చెప్పండి.

జ్ఞానస్నానం రోజు పసిబిడ్డ తరఫున అమ్మానాన్నలు, జ్ఞానతల్లిదండ్రులు జవాబు చెప్పారు. ఈసారి ఆ జవాబు పిల్లవాడు తన నోటితో చెప్పాలి. అట్లాగని ఇది 'పెద్దవాడివయ్యావు' అని ఇచ్చే మెమో కాదు. ఇచ్చేవాడు దేవుడు, వీడు పుచ్చుకునేవాడు. జీవితంలో ఒక్కసారే. జ్ఞానస్నానం, భద్రమైన అభ్యంగనం, గురుపట్టం (ఫాదర్‌గా అభిషేకం), ఈ మూడూ ఆత్మ మీద చెరగని ముద్ర వేస్తాయి కాబట్టి మళ్ళీ ఇవ్వరు.

వయసు సంగతి అందరూ అడుగుతారు. తిరుసభ చట్టం ప్రకారం మంచీచెడూ తెలిసే వయసు, అంటే ఏడేళ్ళ ప్రాంతం నుంచే ఇవ్వవచ్చు. ఆయా దేశాల పీఠాధిపతుల (బిషప్పుల) సమాఖ్యలు వేరే వయసు నిర్ణయించుకోవచ్చు. మన ఊళ్ళలో మామూలుగా మొదటి దివ్యసత్ప్రసాదం (పూజలో క్రీస్తు శరీరంగా పుచ్చుకునే అప్పం) అయిన కొన్నేళ్ళకు, హైస్కూలు వయసులో ఇస్తుంటారు. దానికి తోడు బిషప్ గారు ఎప్పుడు వస్తే అప్పుడే. ఐదేళ్ళలోపు మేత్రాసనమంతా ఒకసారి సందర్శించి తీరాలని ఆయనకు నియమం. అందుకే ఒక్కో పల్లెలో అక్కాతమ్ముళ్ళు ముగ్గురూ ఒకే వరసలో నిలబడుతుంటారు. ఇంటర్ దాటినవాళ్ళు, ఉద్యోగం చేసేవాళ్ళు కూడా ఆ వరసలో ఉంటారు. అందులో నామోషీ ఏమీ లేదు. నిజానికి పెళ్ళికి ముందే ఈ సంస్కారం తీసుకోమని, పెద్ద ఇబ్బంది లేకపోతే, చట్టమే చెబుతుంది.

మొదటి పని: కాయితాలు

పేర్లు అడిగిన రోజే మొదలుపెట్టాల్సిన పని ఇది. కావాల్సింది ముఖ్యంగా జ్ఞానస్నానం సర్టిఫికెట్. మొదటి దివ్యసత్ప్రసాదం ఎక్కడ, ఏ ఏడు తీసుకున్నారో కూడా అడుగుతారు.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, మనలో మొదటి కాన్పు పుట్టింట్లో జరుగుతుంది. బిడ్డకు మూడో నెలో ఐదో నెలో రాగానే అమ్మమ్మగారి ఊళ్ళోనే జ్ఞానస్నానం ఇప్పించేస్తారు. కాబట్టి ఆ బిడ్డ పేరు ఉన్న రిజిస్టరు మీ విచారణలో ఉండదు, అమ్మ పుట్టింటి విచారణలో ఉంటుంది. ఇంకో మెలిక కూడా ఉంది. ఆ ఊళ్ళో గుడి ఉన్నా, అది వేరే విచారణ కింద ఉపకేంద్రమై ఉండవచ్చు. రిజిస్టరు విచారణ కేంద్రంలోనే ఉంటుంది. పదిహేనేళ్ళలో కొన్ని ఉపకేంద్రాలు కొత్త విచారణలుగా విడిపోయి ఉంటాయి, పాత రిజిస్టరు మాత్రం పాత చోటే ఉండిపోతుంది. అందుకని "మా అమ్మమ్మ వాళ్ళ ఊరు" అని చెబితే సరిపోదు. ఆ రోజు పూజ చేసిన ఫాదర్ గారు ఏ విచారణ నుంచి వచ్చారో అమ్మమ్మనే అడగండి. ఆవిడకు గుర్తుంటుంది, భోజనంలో ఏం పెట్టిందో కూడా చెబుతుంది.

ఆ విచారణ ఆఫీసుకు ఫోన్ చేసేటప్పుడు నాలుగు సంగతులు చేతిలో ఉంచుకోండి: బిడ్డ జ్ఞానస్నాన పేరు, తల్లిదండ్రుల పేర్లు, జ్ఞానస్నానం జరిగిన ఏడు (నెల తెలిస్తే మరీ మంచిది), జ్ఞానతల్లిదండ్రుల పేర్లు. రిజిస్టర్లు తేదీల వరసన ఉంటాయి. ఏడు తెలియకపోతే పాపం ఆ ఫాదర్ గారు పేజీలు తిప్పుతూ కూర్చోవాలి. పండుగల రోజుల్లో, తపస్కాలం (లెంట్) చివరి వారాల్లో ఫోన్ చేయకండి, ఎవరూ దొరకరు.

పేరు గురించి విడిగా చెప్పాలి. మన కుటుంబాల్లో స్కూలు పేరు ఒకటి, జ్ఞానస్నాన పేరు ఒకటి ఉండటం మామూలే. స్కూల్లో కిరణ్, రిజిస్టరులో జోసఫ్. ఇంట్లో పిలిచేది ఇంకోటి. ఫారంలో రెండు పేర్లూ రాయండి, ఇంటిపేరుతో సహా. ఒక ఏడాది మా జాబితాలో ఒకమ్మాయి పేరు స్కూలు పేరుతోనే ఎక్కింది. సంస్కారం అయిపోయింది, సర్టిఫికెట్ కూడా అదే పేరుతో వచ్చింది. కొన్నేళ్ళకు పెళ్ళి కుదిరినప్పుడు జ్ఞానస్నాన రిజిస్టరులో పేరుకూ దీనికీ పొంతన కుదరక, ఆ పిల్ల తండ్రి రెండు విచారణల మధ్య మూడుసార్లు బస్సెక్కాడు. తప్పు నాదే, నేనే రెండో పేరు అడగలేదు.

ఇంకొన్ని సందర్భాలు:

కుటుంబం సీరో-మలబార్ తిరుసభకు (కేరళ మూలాలున్న తూర్పు సంప్రదాయపు కతోలిక సంఘానికి) చెందినదైతే, ఉదాహరణకు ఆదిలాబాద్ మేత్రాసనం నుంచి వచ్చినవాళ్ళయితే, సర్టిఫికెట్ జాగ్రత్తగా చదవండి. తూర్పు సంప్రదాయంలో పసిబిడ్డకు జ్ఞానస్నానంతో పాటే తైలాభ్యంగనం కూడా ఇచ్చేస్తారు. అయిపోయినట్టు రాసి ఉంటే మళ్ళీ తీసుకోకూడదు.

సి.ఎస్.ఐ., లూథరన్ లాంటి ప్రొటెస్టెంట్ సంఘాల్లో కన్ఫర్మేషన్ అయి ఇటు వచ్చినవాళ్ళు "మాకు అయిపోయింది" అని ఊరుకోకుండా ఫాదర్ గారితో విడిగా మాట్లాడాలి.

"మా పెళ్ళి గుళ్ళో జరగలేదు, మా పిల్లకు ఇస్తారా?" అని మెల్లగా అడిగేవాళ్ళు ఉంటారు. పిల్ల విషయంలో చూసేవి ఇంతే: జ్ఞానస్నానం పొంది ఉండాలి, తగినంత నేర్చుకుని ఉండాలి, మనసు సిద్ధంగా ఉండి జ్ఞానస్నాన వాగ్దానాలు తిరిగి పలకగలగాలి. అమ్మానాన్నల విషయం ఏదైనా ఉంటే ఫాదర్ గారికి చెప్పండి, దాచి పిల్లను ఇంట్లో కూర్చోబెట్టకండి.

రెండో పని: జ్ఞానతండ్రి, జ్ఞానతల్లి

మనవాళ్ళు మేనమామను అడగకపోతే మేనమామకు కోపం, బాబాయిని అడగకపోతే బాబాయికి కోపం అని లెక్కలు వేస్తారు. తిరుసభ లెక్క వేరు. నిలబడే మనిషికి పదహారేళ్ళు నిండి ఉండాలి. కతోలిక విశ్వాసి అయి ఉండాలి. తను దివ్యసత్ప్రసాదం, భద్రమైన అభ్యంగనం తీసుకుని ఉండాలి. విశ్వాసానికి తగిన బతుకు బతుకుతూ ఉండాలి. పిల్లవాడి సొంత తండ్రి, తల్లి మాత్రం నిలబడకూడదు.

అన్నిటికన్నా మంచి ఎంపిక జ్ఞానస్నానం రోజు నిలబడినవాళ్ళే. చట్టం కూడా అదే మంచిదంటుంది. అప్పుడు ఎత్తుకుని జవాబు చెప్పిన మనిషే ఇప్పుడు వెనక నిలబడి భుజం మీద చెయ్యి వేస్తే ఆ రెండు రోజుల మధ్య సంబంధం పిల్లవాడికి ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. వాళ్ళు లేకపోయినా, దూరమైపోయినా వేరేవాళ్ళను పెట్టుకోవచ్చు. అబ్బాయికి మగవాళ్ళు, అమ్మాయికి ఆడవాళ్ళు నిలబడటం మన అలవాటే తప్ప చట్టంలో లేదు.

అడిగేటప్పుడు మొహమాటం లేకుండా "మీకు భద్రమైన అభ్యంగనం అయిందా?" అని అడగండి. ఒక ఏడాది రిహార్సల్లో నేను ఈ మాట అందరినీ అడిగితే, పెద్ద ఉద్యోగంలో ఉన్న ఒక మేనమామ గారు తల గోక్కున్నారు. ఆయన చిన్నప్పుడు హాస్టల్లో ఉన్నారట, బిషప్ గారు వచ్చినప్పుడు ఊళ్ళో లేరట. పిల్లవాడి ముఖం చిన్నబోయింది. చివరికి వాళ్ళ పక్కింటి పెద్దాయన, రోజూ పొద్దున పూజకు వచ్చే మనిషి, నిలబడ్డాడు. తర్వాతి సారి బిషప్ గారు వచ్చినప్పుడు ఆ మేనమామ గారే పిల్లల వరసలో నిలబడ్డారు. ఆయన వెనక ఆ పక్కింటి పెద్దాయనే.

పెంతెకోస్తు సంఘానికి వెళ్ళే బాబాయి ఎంత భక్తిపరుడైనా ఈ చోటులో నిలబడలేరు. ఆయన్ని పూజకు పిలవండి, ముందు వరసలో కూర్చోబెట్టండి. గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉన్న జ్ఞానతండ్రి రాలేకపోతే ఆయన తరఫున ఇంకొకరు నిలబడే వీలుందేమో ఫాదర్ గారిని అడగండి, అప్పుడు రిజిస్టరులో అసలు మనిషి పేరే రాయించాలి.

ఇక ఉంగరాలు, బట్టలు, పెట్టుపోతలు. ఈ సంస్కారానికి వాటితో ఏ సంబంధమూ లేదు. "నిలబడితే ఉంగరం పెట్టాలేమో" అని భయపడి మంచి మనుషులు వెనక్కి తగ్గడం నేను చూశాను. అడిగేటప్పుడే "మాకేమీ వద్దు, మీరొస్తే చాలు" అని చెప్పేయండి. జపమాల ఒకటి ఇస్తే చాలు.

మూడో పని: నేర్చుకోవడం

ప్రార్థనలు చాలామందికి వచ్చే ఉంటాయి: పరలోక జపం, మంగళవార్త జపం, త్రిత్వస్తోత్రం, విశ్వాస ప్రమాణం, పశ్చాత్తాప జపం, పది ఆజ్ఞలు, తిరుసభ ఆజ్ఞలు, ఏడు దివ్యసంస్కారాల పేర్లు. విశ్వాస ప్రమాణం గుంపులో గడగడా చెప్పేవాళ్ళు ఒంటరిగా అడిగితే "పొంతి పిలాతు" దగ్గర ఆగిపోతారు. ఇంట్లో రాత్రి ప్రార్థన తర్వాత ఒక్కొక్కరి చేత ఒంటరిగా చెప్పించండి. బిషప్ గారు ప్రసంగం మధ్యలో ఒకటి రెండు ప్రశ్నలు అడుగుతారు. జవాబు రాకపోతే సంస్కారం ఆపరు, ఆయనే చెప్పి నవ్వుతారు. దానికి టెన్షన్ పడక్కర్లేదు.

అసలు సమయం పెట్టాల్సింది పవిత్రాత్మ ఏడు వరాల మీద. పుస్తకాన్ని బట్టి పేర్లు కొద్దిగా మారతాయి గానీ, మేము చెప్పే వరస ఇది: జ్ఞానం, వివేకం, సదాలోచన, ధైర్యం, తెలివి, భక్తి, దైవభీతి. దీనికి మూలం యెషయా 11వ అధ్యాయం. బైబిలు తెరిచి లెక్కపెట్టే పిల్లలు "సార్, ఇక్కడ ఆరే ఉన్నాయి" అంటారు. హీబ్రూలో ఆరే. గ్రీకు, లాటిన్ అనువాదాల్లో భక్తి కూడా చేరి ఏడయ్యాయి. అట్లా లెక్కపెట్టిన పిల్లను మెచ్చుకోండి.

పేర్లు బట్టీ పట్టించడం పది నిమిషాల పని. అవి వీళ్ళ బతుకులో ఎక్కడ కనిపిస్తాయో చెప్పడానికే నాలుగు ఆదివారాలు పడుతుంది. జ్ఞానం అంటే దేవుని కళ్ళతో దేనికి ఎంత విలువో చూడటం. ర్యాంకు ముఖ్యమే, కానీ అది రానందుకు ప్రాణం పోగొట్టుకోవాల్సినంత ముఖ్యం కాదని తెలియడం. ఇంటర్ ఫలితాల రోజుల్లో పేపర్లలో వచ్చే వార్తలు అందరూ చదివేవే, అందుకే ఈ మాట దగ్గర నేను కాస్త ఆగుతాను. వివేకం అంటే సువార్తలో విన్న మాట లోపలికి దిగడం. సదాలోచన అంటే రెండు దార్లు కనబడినప్పుడు ఏది సరైనదో పట్టుకోగలగడం. ఫ్రెండ్స్ అందరూ బైక్ మీద ముగ్గురు ఎక్కి పోదాం రా అన్నప్పుడు కావాల్సింది అదే. కానీ సరైనది తెలియడం వేరు, "నేను రాను" అని పైకి అనడం వేరు. ఆ రెండోదానికి ధైర్యం కావాలి. పిల్లలకు ఈ తేడా చెబితే కళ్ళు వెలుగుతాయి, ఎందుకంటే వాళ్ళ సమస్య ఎప్పుడూ రెండోదే.

తెలివి అంటే లెక్కల్లో తెలివి కాదు, సృష్టిలో ప్రతిదాని వెనకా సృష్టికర్తను గుర్తుపట్టడం. భక్తి అంటే దేవుణ్ణి తండ్రిలా ప్రేమించడం. దైవభీతి దగ్గర పిల్లలు పొరబడతారు, దేవుడు కొడతాడేమో అనుకుంటారు. నేను వాళ్ళనే అడుగుతాను: అమ్మ కొడుతుందని అబద్ధం మానేస్తారా, అమ్మ బాధపడుతుందని మానేస్తారా? చిన్నవాళ్ళు మొదటిదంటారు, పదో తరగతి వాళ్ళు రెండోదంటారు. ఆ రెండోదే దైవభీతి.

గలతీయులకు రాసిన లేఖలోని ఆత్మ ఫలాలు కూడా చదివించండి, దాని మీద ఎక్కువసేపు కూర్చోనక్కర్లేదు.

పేరు ఎంచుకోవడం

కొత్త పునీతుని (సెయింట్) పేరు పెట్టుకోవాలనే నియమం లేదు. జ్ఞానస్నాన పేరుతోనే అభ్యంగనం తీసుకోవడం మంచి పద్ధతి. జ్ఞానస్నానమప్పుడు పునీతుల పేరు పెట్టనివాళ్ళు, ఒక పునీతుని ఆదర్శంగా పెట్టుకోవాలనుకునేవాళ్ళు ఈ సందర్భంలో ఎంచుకుంటారు. అందరూ జోసఫ్, మరియ, అంతోని దగ్గరే ఆగిపోతారు. మంచి పేర్లే. కానీ 2022 మే 15న పునీత పట్టం పొందిన దేవసహాయం గారి కథ ఎంతమందికి తెలుసు? కన్యాకుమారి ప్రాంతపు మనిషి, మన దేశం నుంచి ఆ పట్టం పొందిన మొదటి గృహస్థు. కంప్యూటర్ పిచ్చి ఉన్న పిల్లలకు కార్లో అక్యూటిస్ గురించి చెప్పండి. పదిహేనేళ్ళకే 2006లో లుకేమియాతో చనిపోయాడు, 2025 సెప్టెంబరు 7న పునీతుడయ్యాడు. జీన్స్ ప్యాంటు వేసుకున్న పునీతుడి ఫోటో చూసి మా క్లాసులో ఒకడు, "ఇట్లా కూడా అవొచ్చా సార్?" అన్నాడు.

ఆఖరి తొమ్మిది రోజులు

ప్రభువు మోక్షారోహణం తర్వాత మరియమాతతో కలిసి శిష్యులు మేడగదిలో ప్రార్థనలో గడిపారు, తర్వాత పెంతెకోస్తు వచ్చింది. నవదిన ప్రార్థనకు మూలం అదే. పిల్లవాడు ఇంట్లో తొమ్మిది రాత్రులు, రోజుకు పది నిమిషాలు, పవిత్రాత్మ కోసం ప్రార్థిస్తే చాలు. ఆ పది నిమిషాలు ఇంట్లో టీవీ ఆగాలి, ఫోన్లు పక్కన పెట్టాలి. నాన్న కూడా కూర్చోవాలి. నాన్న కూర్చున్న ఇంటి పిల్లల్ని నేను క్లాసులో చూసి గుర్తుపట్టగలను.

చాలా విచారణల్లో ఒక రోజు ధ్యానవడకం (రిట్రీట్) పెడతారు, ట్యూషన్ ఉందని మానిపించకండి. పాపసంకీర్తనం (ఫాదర్ గారి దగ్గర పాపాలు ఒప్పుకోవడం) ముందు రోజే చేయించండి. పూజకు అరగంట ముందు వంద మంది పిల్లలు ఇద్దరు ఫాదర్ల ముందు బారులు తీరితే అది పాపసంకీర్తనం కాదు, రేషన్ క్యూ. మొదటి సత్ప్రసాదం తర్వాత మళ్ళీ చేయని పిల్లలకు ఏం చెప్పాలో తెలియక భయం వేస్తుంది. "ఎన్నాళ్ళయిందో గుర్తులేదు ఫాదర్, ఎట్లా చెప్పాలో మర్చిపోయాను" అని మొదలుపెట్టమనండి, మిగతాది ఆయన చూసుకుంటారు.

ఆ రోజు

పొద్దున ఇడ్లీ పెట్టి పంపండి. సత్ప్రసాదానికి గంట ముందు నుంచి ఏమీ తినకూడదనేదే నియమం, మంచినీళ్ళు, మందులు తీసుకోవచ్చు. బిషప్ గారికి ఊరి పొలిమేరలో స్వాగతం, డప్పులు, దండలు, ఊరేగింపు అన్నీ అయి పూజ మొదలయ్యేసరికి ఎండ ఎక్కుతుంది. పూజ రెండు గంటలు దాటుతుంది. ఖాళీ కడుపుతో వచ్చిన పిల్లలు కళ్ళు తిరిగి పడిపోవడం మామూలైపోయింది.

బట్టలు తెల్లవి, శుభ్రంగా ఉంటే చాలు. నుదురు మాత్రం ఖాళీగా ఉండాలి. తల మీద కొబ్బరినూనె కారుతూ ఉండకూడదు, పౌడరు పొరలు ఉండకూడదు, ముందు జుట్టు పిన్ను పెట్టి వెనక్కి తీయాలి. ముసుగు వేసుకునే అమ్మాయిలు నుదుటి పైకి సర్దుకోవాలి. పేరు చీటీ పెద్ద అక్షరాలతో, జ్ఞానస్నాన పేరుతో రాసి, జ్ఞానతండ్రి చేతిలో పెట్టండి. పిల్లవాడి చేతిలో పెడితే చెమటకు తడిసి చదవరాకుండా పోతుంది.

సువిశేష పఠనం అయ్యాక ఫాదర్ గారు పిల్లలను బిషప్ గారికి పరిచయం చేస్తారు, అందరూ లేచి నిలబడతారు. ప్రసంగం తర్వాత జ్ఞానస్నాన వాగ్దానాలు. సైతానును నిరాకరిస్తున్నావా అని ఒక ప్రశ్న. తర్వాత తండ్రిని, కుమారుణ్ణి, పవిత్రాత్మను, తిరుసభను విశ్వసిస్తున్నావా అని నాలుగు. ఇది గుంపుగా చెప్పే జవాబైనా ఎవరికి వాళ్ళు గొంతెత్తి చెప్పాలి. ఇది పలికారు కాబట్టి ఆ రోజు విశ్వాస ప్రమాణం విడిగా చెప్పరు.

అప్పుడు బిషప్ గారు పిల్లలందరి మీదికి చేతులు చాపి ఆ ఏడు వరాల కోసం ప్రార్థిస్తారు. ఈ ప్రార్థనప్పుడు ఫోటోగ్రాఫర్లను దూరంగా ఉంచే బాధ్యత యువకులకు అప్పజెప్పండి.

ఆ తర్వాత ఒక్కొక్కరే ముందుకు వెళ్ళాలి. జ్ఞానతండ్రి లేదా జ్ఞానతల్లి వెనక నిలబడి కుడిచెయ్యి భుజం మీద వేసి పేరు చెబుతారు. బిషప్ గారు బొటనవేలితో క్రిస్మా తైలం తీసుకుని నుదుటి మీద సిలువ గుర్తు వేస్తూ, పేరు పెట్టి పిలిచి, పవిత్రాత్మ వరం అనే ముద్రను స్వీకరించమనే అర్థం వచ్చే మాటలు అంటారు. పిల్లవాడు "ఆమెన్" అనాలి, గట్టిగా. ఆయన శాంతి వచనం చెబుతారు, "మీ ఆత్మతోను" అని జవాబు చెప్పి పక్కకు జరగాలి. ఇంతే, అర నిమిషం కూడా పట్టదు. క్లాసులో ఈ అర నిమిషాన్ని పదిసార్లు నటించి చూపిస్తాను, ఎందుకంటే ఆ రోజు కంగారులో సగం మంది ఆమెన్ బదులు "థాంక్యూ బిషప్ గారూ" అంటారు.

నానమ్మలు ఒక మాట చెప్పి పిల్లల్ని భయపెడుతుంటారు, బిషప్ గారు చెంప మీద కొడతారని. పాత పద్ధతిలో చెంప మీద మెల్లగా తట్టేవారు, విశ్వాసం కోసం కష్టాలు ఓర్చుకోవాలనే గుర్తుగా. 1971లో పోప్ ఆరవ పౌలు ఈ సంస్కార విధిని సవరించాక అది పోయింది.

ఆ తైలం వాసన గుర్తుపెట్టుకోమని చెప్పండి. ఆలివ్ నూనెలోనో మరో మొక్కల నూనెలోనో సుగంధ ద్రవ్యం కలిపి, పవిత్ర వారంలో ఫాదర్లందరితో కలిసి బిషప్ గారు అభిషేకించే తైలం అది. జ్ఞానస్నానం రోజు ఆ బిడ్డ నడినెత్తిన పూసింది కూడా ఆ రకం తైలమే. పిల్లలు ఎక్కువైతే బిషప్ గారితో పాటు ఫాదర్లు కూడా పూస్తారు. "నాకు బిషప్ గారు పూయలేదు" అని ఏడ్చే పిల్లలుంటారు. తైలం అదే, సంస్కారం అదే, ఏమీ తక్కువ కాలేదు.

పక్కనే సిస్టర్స్ దూదితో నుదురు తుడుస్తారు. వాళ్ళు తుడవకపోతే చేత్తో రుద్దేయకండి, జేబురుమాలుతో మెల్లగా అద్దండి.

పూజ అయ్యాక బిర్యానీ పెట్టుకోండి, ఎవరూ కాదనరు. కానీ వీధి చివర పిల్లవాడి ఫోటోతో ఫ్లెక్సీ కట్టి, దాని కోసం అప్పు చేయడం మాత్రం నాకు నచ్చదు. పెళ్ళికీ, ఓణీల పండక్కీ, దీనికీ ఒకటే ఫ్లెక్సీ డిజైను, పేరు మారుతుంది అంతే.

దూరంగా ఉన్న తెలుగు కుటుంబాలకు

అమెరికాలో ఈ సంస్కారానికి వయసు మంచీచెడూ తెలిసే వయసు నుంచి దాదాపు పదహారేళ్ళ వరకు అని అక్కడి పీఠాధిపతులు నిర్ణయించారు, 2002 నుంచి అమల్లో ఉంది. ఆ హద్దులో ఏ తరగతిలో ఇవ్వాలనేది ఒక్కో మేత్రాసనం ఒక్కోలా పెట్టుకుంది. కొన్నిచోట్ల మొదటి సత్ప్రసాదానికి ముందే ఇస్తారు. చాలా విచారణల్లో రెండేళ్ళ తరగతులు ఉంటాయి, ఆలస్యంగా చేరితే మళ్ళీ మొదటి నుంచే. జ్ఞానస్నానం సర్టిఫికెట్ కొత్తగా తీసిన కాపీ అడగవచ్చు, సెలవుల్లో ఊరికి వచ్చినప్పుడే తీసుకెళ్ళండి. నిలబడే మనిషి ఇండియాలో ఉంటే ఆయన విచారణ ఫాదర్ గారి దగ్గర నుంచి ఒక ఉత్తరం కూడా కావాల్సి రావచ్చు.

మర్నాటి పనులు

పేరు రిజిస్టరులో ఎక్కిందో లేదో వారంలోపు చూసుకోండి. జ్ఞానస్నానం వేరే విచారణలో అయితే ఆ విచారణకు కబురు పంపి, అక్కడి జ్ఞానస్నాన రిజిస్టరులో ఈ సంస్కారం వివరం రాయించాలి. ఇది ఫాదర్ గారి బాధ్యతే, కానీ వంద మంది పిల్లలున్నప్పుడు ఒకటి రెండు జారిపోతాయి, మీరు ఒకసారి గుర్తు చేయండి. సర్టిఫికెట్ తీసుకుని పదో తరగతి మెమో ఉన్న కవరులోనే పెట్టండి. పెళ్ళప్పుడు అడుగుతారు. సెమినరీకో, కాన్వెంటుకో వెళ్ళాలనుకుంటే అది లేకుండా కుదరదు.

పిల్లలు గుడి మానేసే వయసు కూడా ఇదే. ఇటలీలో ఈ సంస్కారానికి 'వీడ్కోలు సంస్కారం' అని ఎగతాళి పేరుందని, తీసుకున్నాక పిల్లలు మళ్ళీ కనబడరని పోప్ ఫ్రాన్సిస్ వాపోయేవారు. మా ఊళ్ళో అట్లా కాకూడదని నేను ఒక పని చేస్తాను. పూజ అయిన సాయంత్రమే, ఇంకా షామియానా విప్పకముందే, వచ్చే నాలుగు ఆదివారాలకు ఎవరు మొదటి పఠనం చదవాలో, ఎవరు పాటల దగ్గర ఉండాలో కొత్తగా అభ్యంగనం తీసుకున్నవాళ్ళ పేర్లు రాసి గుడి తలుపుకు అంటిస్తాను. శనివారం రాత్రి తప్పకుండా ఒక అమ్మ ఫోన్ చేస్తుంది, "వాడికి గొంతు బాలేదండీ, ఈ వారం చదవలేడు" అని.

"పర్లేదమ్మా, చందా పళ్ళెం పట్టమను. దానికి గొంతు అక్కర్లేదు" అంటాను.